విజిట్ వీసా మీద పోయి అక్కడ మార్చుకోవచ్చు అనే కన్సల్టెన్సీలతో జాగ్రత్త

మీ ఇంట్లో ఎవరైనా జర్మనీ పోదామని కన్సల్టెన్సీల చుట్టూ తిరుగుతుంటే, అడ్వాన్స్ కట్టే ముందు ఇది ఒకసారి చదవండి. హన్మకొండలో ఒక కన్సల్టెన్సీ మా చిన్న బామ్మర్దిని విజిట్ వీసా మీద జర్మనీ పంపింది. అక్కడికి పోయాక జాబ్ దొరికితే చాలు, ఆ వీసానే రెసిడెన్స్ పర్మిట్‌గా మార్చిస్తారని చెప్పి మూడున్నర లక్షలు తీసుకుంది. మార్చలేదు. మామూలుగా మార్చరు కూడా, మనలాంటి వాళ్లకు విజిట్ వీసా ఉన్నది దానికి కాదు. పిల్లగాడు గడువు లోపలే తిరిగొచ్చాడు, పైసలే రాలేదు. కేసు వేసే పనిలో ఉన్నాం కాబట్టి ఆ ఆఫీసు పేరు ఇక్కడ రాయట్లేదు. అయినా పేరు కంటే వాళ్లు చెప్పే మాట గుర్తుపెట్టుకోండి, ఎందుకంటే అదే మాట కరీంనగర్‌లో, నిజామాబాద్‌లో వేరే బోర్డుల కింద కూడా చెప్తున్నారని మా చుట్టాల దగ్గర వింటున్నాను.

మా వాడు బీటెక్ మెకానికల్. హైదరాబాద్‌లో ఒక చిన్న కంపెనీలో చేసేవాడు. మొదట వాడు అడిగింది ఆపర్చునిటీ కార్డ్ గురించే. ఇది జర్మనీ 2024 జూన్ 1 నుంచి తెచ్చిన వీసా, ఉద్యోగం వెతుక్కోవడానికి ఏడాది వరకు అక్కడ ఉండనిస్తారు, వారానికి 20 గంటల పార్ట్ టైమ్ పని కూడా చేసుకోవచ్చు. డిగ్రీ, అనుభవం, భాష, వయసు లాంటి వాటికి పాయింట్లు ఉంటాయి, కనీసం 6 రావాలి. వాడు తన పాయింట్లు లెక్కేసుకునే వెళ్లాడు. అక్కడ కౌన్సెలర్ అనే ఆయన ఆ కాగితం చూడను కూడా చూడకుండా, "దానికి స్లాట్లు లేవు తమ్మీ, నెలల తరబడి కూసోవాలె. పైగా బ్లాక్డ్ అకౌంట్‌ల పదమూడు లక్షల దాకా పెట్టాలె. విజిట్ మీద పో, ఇంటర్వ్యూలు ఇయ్యి, ఆఫర్ లెటర్ పట్టుకొని అక్కడి ఫారినర్స్ ఆఫీసుకు పోతే వాళ్లే మార్చిస్తరు, మా పిల్లలు మస్తుమంది గట్లనే సెటిల్ అయిన్రు" అన్నాడు. (బ్లాక్డ్ అకౌంట్ అంటే అక్కడి ఖర్చులకు సరిపడా డబ్బు ముందే వేసి చూపించే ఖాతా. ఫారినర్స్ ఆఫీసు అంటే విదేశీయుల పర్మిట్లు చూసే అక్కడి ప్రభుత్వ ఆఫీసు.) ఫోన్‌లో ఒక వీడియో కూడా చూపించాడు. అందులో ఒకామె నిజంగానే జర్మనీలో దిగాక పర్మిట్ తీసుకున్నానని చెప్తుంది. ఆమెది అమెరికా పాస్‌పోర్ట్. ఆ ముక్క మాత్రం ఆయన చెప్పలేదు.

అసలు కిటుకంతా ఇక్కడే ఉంది. అమెరికా, కెనడా, ఆస్ట్రేలియా, జపాన్, దక్షిణ కొరియా, ఇజ్రాయెల్, న్యూజిలాండ్, బ్రిటన్ ఇలాంటి కొన్ని దేశాల పాస్‌పోర్ట్ ఉన్నవాళ్లు ముందు వీసా లేకుండానే జర్మనీలో దిగి, అక్కడే రెసిడెన్స్ పర్మిట్‌కు అప్లై చేసుకోవచ్చు. ఇండియన్ పాస్‌పోర్ట్‌కు ఆ సౌకర్యం లేదు. మనం చదువుకైనా, ఉద్యోగానికైనా, ఉద్యోగం వెతుక్కోవడానికైనా మూడు నెలలకు మించి ఉండాలంటే ఇక్కడి నుంచే నేషనల్ వీసా, అంటే డి టైప్ వీసా తీసుకొని ఎక్కాలి. ఆ వీసాతో దిగి, ఇల్లు చూసుకొని, ఇంట్లో చేరిన రెండు వారాల లోపల అడ్రస్ రిజిస్టర్ చేయించుకొని, ఆ తర్వాత ఫారినర్స్ ఆఫీసులో రెసిడెన్స్ పర్మిట్ తీసుకోవాలి. ఈ వరస తిరగబడదు. విజిట్ వీసా అంటే సి టైప్, ఏ 180 రోజుల్లో చూసినా 90 రోజులు దాటకుండా తిరిగొచ్చేవాళ్లకు ఇచ్చేది. అక్కడే పెళ్లి చేసుకోవడం లాంటి కొన్ని సందర్భాలకు మినహాయింపులు ఉన్నాయి గానీ "జాబ్ దొరికింది, మార్చండి" అంటే అది మామూలుగా మినహాయింపు కిందికి రాదు.

మన దగ్గర ఈ మాట ఇంత ఈజీగా ఎందుకు చెల్లుతోందంటే నాకనిపించేది ఇదీ. జగిత్యాల, సిరిసిల్ల, నిజామాబాద్ వైపు ప్రతి ఊళ్లో గల్ఫ్ పోయినోళ్లు ఉంటారు. విజిట్ మీద దుబాయ్ పోయి, పని దొరికాక లోపలే స్టేటస్ మార్చుకున్న మనిషి ఎవరో ఒకరు మన చుట్టాల్లోనే ఉంటాడు. అక్కడ అది జరుగుతుంది, ఫీజు కడితే దేశం దాటకుండానే మార్చుకునే పద్ధతి ఉంది. (అలా పోయి ఇరుక్కుపోయినోళ్ల కథలు కూడా తక్కువేం లేవు, అది వేరే సంగతి.) దాంతో "మా పెద్దబాపు కొడుకు గట్లనే పోయిండు గదా" అని ఇంట్లో పెద్దోళ్లు కూడా తలూపుతారు. మా మామ కూడా అంతే, ఆయన ఇరవై ఏళ్ల కింద మస్కట్ పోయొచ్చిన మనిషి. దుబాయ్ రూల్ దుబాయ్‌దే, జర్మనీ రూల్ జర్మనీదే అని ఆయనకు చెప్పేవాడు ఆ ఆఫీసులో ఎవడూ లేడు. చెబితే వాళ్ల బేరం పోతుంది మరి.

పీఆర్, అంటే అక్కడ శాశ్వతంగా ఉండే అనుమతి విషయంలో కూడా ఇట్లాంటి గందరగోళమే. బోర్డు మీద "జర్మనీ పీఆర్" అని పెద్ద అక్షరాలతో రాస్తారు. కెనడా, ఆస్ట్రేలియాలకు ఇక్కడ కూర్చొనే పీఆర్‌కు అప్లై చేసే పద్ధతులు ఉన్నాయి. ఉద్యోగం కోసం పోయేవాడికి జర్మనీ ఇక్కడి నుంచి పీఆర్ ఇవ్వదు. ముందు డి వీసా, తర్వాత పర్మిట్, ఆ మీద ఉద్యోగం చేస్తూ పెన్షన్ కడుతూ కొన్నేళ్లు ఉండాలి. బ్లూ కార్డ్ (డిగ్రీ ఉండి మంచి జీతం జాబ్ దొరికినవాళ్లకు ఇచ్చే పర్మిట్) ఉన్నవాళ్లకు జర్మన్ భాష బీ1, అంటే మధ్య స్థాయి వస్తే 21 నెలలు, ఏ1, అంటే మొదటి మెట్టు మాత్రమే వస్తే 27 నెలలు. మామూలు స్కిల్డ్ వర్కర్ పర్మిట్ అయితే 3 ఏళ్లు. జర్మనీ పీఆర్ ప్యాకేజీ అని ఎవరైనా ఇక్కడ అమ్ముతున్నారంటే అక్కడే లేచి వచ్చేయండి.

వాడికి వచ్చిన వీసా స్టిక్కర్ నేను చూసింది వాడు ఫ్లైట్ ఎక్కే ముందు రోజు రాత్రి. టైప్ ఆఫ్ వీసా అన్న చోట సి. డ్యూరేషన్ ఆఫ్ స్టే దగ్గర 30. కన్సల్టెన్సీ వాళ్లకు ఫోన్ చేస్తే "సి అంటే కన్వర్టబుల్ అన్నట్టు సార్" అన్నాడు! ఇది నేను జోక్‌గా రాయట్లేదు, నిజంగా ఆ మాటే అన్నాడు. అప్పటికి టికెట్లకు, ఇన్సూరెన్స్‌కు, అక్కడ ఉండే గదికి డబ్బంతా కట్టేసి ఉంది, అత్తమ్మ పచ్చళ్లు ప్యాక్ చేసి కూర్చుంది, ఆగరా అంటే ఎవరాగుతారు.

అక్కడికి పోయాక వాడు ఖాళీగా కూర్చోలేదు, ఆ మాట చెప్పాలి. రోజూ అప్లికేషన్లు పెట్టాడు, ఒక చిన్న ఊరి ఫ్యాక్టరీ వాళ్లు ఇంటర్వ్యూకు పిలిచారు, వాళ్లకు నచ్చాడు కూడా. ఆఫర్ ఇస్తామన్నారు. వీసా చూపించగానే హెచ్ఆర్ ఆమె "ఈ వీసా మీద మేం తీసుకోలేం, నువ్వు ఇండియా వెళ్లి వర్క్ వీసా తీసుకొని రావాలి" అంది. వాడు నమ్మక ఫారినర్స్ ఆఫీసుకు పోతే అక్కడా అదే మాట. ఇందులో నాకు అన్నిటికంటే మండే విషయం ఏంటంటే, ఇంటర్వ్యూ ఆన్‌లైన్‌లో కూడా అయిపోయేదే. కంపెనీకి మనిషి నచ్చితే వాళ్లే అక్కడి ఆఫీసులో 411 యూరోలు కట్టి, వర్క్ వీసా త్వరగా వచ్చేలా ఫాస్ట్ ట్రాక్ ప్రాసెస్ మొదలుపెట్టే అవకాశం ఉంది, పిల్లగాడు హన్మకొండలో ఇంట్లో ఉండగానే. జర్మనీ పోవాల్సిన పనే లేదు. అక్కడి నుంచి ఫోన్‌లో "బావా, వీళ్లంతా ఒకటే చెప్తున్నరు, నేను వచ్చేస్త" అన్నాడు. కన్సల్టెన్సీ మాత్రం అప్పుడు కూడా "గడువు అయిపోయినా ఏం కాదు, అక్కడే ఉండు, ఏదో ఒకటి చేద్దాం" అంది. అంటే ఓవర్‌స్టే చేయమని సలహా! 2025 అక్టోబర్ 12 నుంచి యూరప్ సరిహద్దుల్లో పాస్‌పోర్ట్ ముద్రల స్థానంలో వేలిముద్రలు, ఫోటో తీసి ఎంట్రీ, ఎగ్జిట్ కంప్యూటర్‌లో ఎక్కించే పద్ధతి మొదలైంది. ఒక్క రోజు ఎక్కువున్నా దొరికిపోతారు, తర్వాత రానివ్వకుండా బ్యాన్ పడే ప్రమాదం ఉంది. వాడు వినకుండా తిరిగొచ్చి మంచి పని చేశాడు.

వచ్చాక ఆఫీసుకు పోయి అడిగితే మేనేజర్ నవ్వుతూ "వీసా వచ్చింది గద సార్, మా సర్వీస్ కంప్లీట్" అన్నాడు. రసీదు తీసి చూస్తే దాని మీద జర్మనీ అన్న మాట లేదు, జాబ్ అన్న మాట లేదు, "ఫైల్ ప్రాసెసింగ్ ఛార్జెస్" అని ఉంది, కింద చిన్న అక్షరాలతో నాన్ రిఫండబుల్. జీఎస్టీ నంబర్ లేదు. సగం డబ్బు ఎవరో మనిషి పర్సనల్ ఫోన్‌పే నంబర్‌కు పోయింది. మాట్లాడుతుండగానే "తమ్మీకి పోలండ్ ఉంది, వేర్‌హౌస్, ఇంకో రెండు లక్షలు అడ్జస్ట్ చేస్తే" అని మొదలుపెట్టాడు. మా వాడు అక్కడి నుంచి లేచి బయటికొచ్చేశాడు, లేకపోతే చెయ్యి చేసుకునేవాడేమో.

ఇంకొక సంగతి అప్పుడే బయటపడింది, డబ్బు కంటే నాకు ఇదే ఎక్కువ టెన్షన్. విజిట్ వీసా అప్లికేషన్‌లో వాడు ట్రేడ్ ఫెయిర్ చూడ్డానికి పోతున్నట్టు రాశారు. ఏదో కంపెనీ ఇన్విటేషన్ లెటర్ పెట్టారు. వాడికి ఆ కంపెనీ ఏం తయారు చేస్తుందో కూడా తెలియదు. నింపింది వాళ్లు, సంతకం మాత్రం పిల్లగాడిది. అబద్ధం కాగితాలు పెట్టినట్టు తేలితే వీసా రిజెక్ట్ అవ్వడమే కాదు, అక్కడున్నప్పుడు తేలితే పంపించేయొచ్చు కూడా. పైగా విజిట్ వీసా వివరాలు, ఇచ్చినా రిజెక్ట్ చేసినా, యూరప్ దేశాల ఉమ్మడి సిస్టంలో 5 ఏళ్ల వరకు ఉంటాయి. రేపు నిజమైన ఆఫర్‌తో నిజమైన వీసాకు పోయినప్పుడు ఆఫీసర్ "అప్పుడు ఫెయిర్‌కు వచ్చానన్నావు కదా" అంటే ఏం చెప్పాలి?

కాబట్టి ఎవరి దగ్గరికి పోయినా మొదట అడగాల్సింది ఒకటే: సి నా, డి నా? డి అంటే ఏ కేటగిరీ కింద, రాసివ్వు అనండి. రాసివ్వనంటే అక్కడితో ఆపేయండి. జర్మనీ నేషనల్ వీసా ఫీజు పెద్దవాళ్లకు 75 యూరోలే, విజిట్ వీసాకు 2024 జూన్ నుంచి 90 యూరోలు. మిగతాదంతా మీరు కన్సల్టెన్సీకి ఇచ్చేదే, వీసాకు పోయేది కాదు. ఇవ్వొద్దని నేననను, కాగితాలు సరిగ్గా సర్దిపెట్టే మంచి వాళ్లు కూడా ఉన్నారు, కానీ దేనికి ఇస్తున్నామో తెలిసి ఇవ్వాలి.

2025 జనవరి నుంచి నేషనల్ వీసాలకు జర్మనీ ప్రభుత్వ కాన్సులర్ పోర్టల్‌లో ఆన్‌లైన్‌లో అప్లై చేయొచ్చు. ఆ ఖాతా మీ మెయిల్‌తో, మీ పాస్‌వర్డ్‌తోనే తెరవండి. మా వాడికి అన్నీ కన్సల్టెన్సీ మెయిల్ మీద చేశారు, ఏ లెటర్ వచ్చిందో ఏ లెటర్ పోయిందో ఇప్పటికీ మాకు పూర్తిగా తెలియదు. తిరిగొచ్చాక వాడే కూర్చొని చూస్తే పోర్టల్ అంత కష్టంగా ఏం లేదు, అడిగింది స్కాన్ చేసి పెట్టడమే. ఇంకో మాట, 2025 జూలై 1 నుంచి వీసా రిజెక్ట్ అయితే ఎంబసీకే లెటర్ రాసి మళ్లీ చూడమని అడిగే పద్ధతిని జర్మనీ ఎత్తేసింది. ఇప్పుడు మళ్లీ కొత్తగా అప్లై చేయాలి, లేదా అక్కడి కోర్టుకు పోవాలి. "రిజెక్ట్ అయితే అప్పీల్ మేం చూసుకుంటం, ఎక్స్‌ట్రా యాభై వేలు" అనే వాళ్లు ఏ అప్పీల్ గురించి చెప్తున్నారో అడగండి.

బ్లాక్డ్ అకౌంట్ పేరు చెప్పి భయపెడతారు కదా, అది కూడా చెప్తాను. ఆపర్చునిటీ కార్డ్‌కు 2025 లెక్కన నెలకు 1,091 యూరోల చొప్పున ఏడాదికి 13,092 యూరోలు చూపించాలి. పెద్ద మొత్తమే, కాదనను. కానీ అది ఫీజు కాదు, మీ పేరు మీదే ఉంటుంది, అక్కడికి పోయాక నెల నెలా మీకే వస్తుంది. కన్సల్టెన్సీకి ఇచ్చిన మూడున్నర లక్షలు మాత్రం ఎవరికీ తిరిగి రావు. "డబ్బు మేమే చూపిస్తం, వడ్డీ కట్టండి" అనేవాళ్లు ఇంకా డేంజర్. ఇక డిగ్రీ అక్కడ చెల్లుతుందా అన్నది అనాబిన్ అనే వాళ్ల డేటాబేస్‌లో మీరే చూసుకోవచ్చు, చూడ్డానికి పైసా ఖర్చు లేదు.

ఉద్యోగం ఇప్పిస్తాం అని డబ్బు తీసుకుంటే అది రిక్రూట్‌మెంట్ కిందికి వస్తుంది, 1983 ఎమిగ్రేషన్ చట్టం ప్రకారం దానికి రిజిస్ట్రేషన్ ఉండాలి. రిజిస్టర్డ్ ఏజెంట్ల లిస్ట్ కేంద్ర ప్రభుత్వ ఈమైగ్రేట్ వెబ్‌సైట్‌లో ఉంటుంది, రిజిస్టర్డ్ ఏజెంట్ అయినా మనిషి దగ్గర తీసుకోగలిగేది 30,000 రూపాయలు, దాని మీద జీఎస్టీ, అంతే. అందుకే వీళ్లు నోటితో జాబ్ అంటారు, కాగితం మీద మాత్రం "ఫైల్ ప్రాసెసింగ్" అని రాస్తారు. విదేశాల్లో ఉద్యోగాలకు పంపే టామ్‌కామ్ అని మన రాష్ట్ర ప్రభుత్వానిదే ఒక సంస్థ ఉంది, నర్సులకు జర్మన్ నేర్పించి పంపే కార్యక్రమాలు కూడా నడుపుతోంది. నర్సింగ్ చేసిన ఆడపిల్లలు ఇంట్లో ఉంటే ముందు అక్కడ కనుక్కోండి.

ఇప్పటికే మోసపోయినోళ్లకు: 1915 నంబర్ నేషనల్ కన్జ్యూమర్ హెల్ప్‌లైన్, ముందు అక్కడ ఫిర్యాదు రాయించండి. జిల్లా వినియోగదారుల కమిషన్‌లో కేసు వేయడానికి జరిగిన నాటి నుంచి 2 ఏళ్ల గడువు ఉంటుంది, కట్టిన సొమ్ము 5 లక్షల లోపు అయితే కోర్టు ఫీజు కూడా లేదు. రసీదు మీద ఏమీ లేకపోయినా వాట్సాప్‌లో వాళ్లు పంపిన వాయిస్ మెసేజ్‌లు పనికొస్తాయి, డిలీట్ చేయకండి, ఇంకో ఫోన్‌లోకి కూడా ఎక్కించి పెట్టుకోండి. మా దగ్గర "అక్కడే మార్చిస్తరు" అన్న వాయిస్ మెసేజ్ ఉంది, మా లాయర్ దాన్నే ముందు పెడుతున్నాడు. ఒకే కన్సల్టెన్సీ మీద ఒకే రకం ఫిర్యాదు ఉన్నవాళ్లు కమిషన్ అనుమతితో కలిసి ఒకే కేసు వేయొచ్చు. హన్మకొండలో జర్మనీ విజిట్ వీసాకు ఇలాగే కట్టినోళ్లు ఎవరైనా ఉంటే ఏ ఆఫీసో ఇక్కడ రాయకుండా నాకు మెసేజ్ పెట్టండి, అదే ఆఫీసు అయితే కలిసి వేద్దాం.