లింకన్ కోట జైలు బాగుంది, మేం దిగిన బసే బాగోలేదు

ఇంగ్లండ్‌లోని లింకన్ ఊళ్లో పాత కోట, అందులోని జైలు చూడ్డానికి వెళ్లాం. హోటల్ వాళ్లు "కోట కనిపించే గది" అని రాసి రాత్రికి 112 పౌండ్లు గుంజారు. కనిపించే మాట నిజమే, బాత్‌రూమ్ కిటికీలోంచి మెడ బయటపెడితే! మూడో అంతస్తు, లిఫ్ట్ లేదు. రెండు గంటలకి వెళ్తే గది ఖాళీగా ఉన్నా మూడు దాకా ఆగమన్నారు, ఆగలేమంటే 15 పౌండ్లు ఎక్స్‌ట్రా. మోకాళ్ల నొప్పులతో అత్తయ్య అప్పటికే మొహం మాడ్చుకుని ఉంది, కట్టేశాం. టిఫిన్ మనిషికి 9.50, ఆ చల్లారిన టోస్టు గురించి చెప్పుకోకపోవడమే మంచిది.

 లండన్ కింగ్స్ క్రాస్ స్టేషన్ నుంచి లింకన్‌కి రైల్లో రెండు గంటలు.

నేనింత ఓపిగ్గా రాస్తున్నది మాత్రం ఆ జైలు కోసం. 1848లో కట్టారు. ఖైదీలు ఒకరితో ఒకరు కలిస్తేనే చెడిపోతారని, ఒంటరిగా ఉంచి బైబిల్ చదివిస్తే మారతారని అప్పటి సంస్కర్తల నమ్మకం. అందుకని ఎవరి గది వాళ్లదే. ప్రార్థన మందిరంలో కూడా మనిషికో చెక్క అర, మధ్యలో తలుపులు. పాస్టర్ తప్ప పక్కవాడు కనపడడు. ఈ తరహా మందిరం చెక్కుచెదరకుండా మిగిలింది ఇదొక్కటేనట.

రాజమండ్రి సెంట్రల్ జైల్లో హెడ్ వార్డర్‌గా రిటైరైన మావయ్య ఆ అరలు చూసి చాలాసేపు కదల్లేదు. "ఒక్కొక్కణ్ణీ తెచ్చి, లోపలపెట్టి, తలుపేసి, మళ్లీ తియ్యాలి. ఎంతమంది వార్డర్లు కావాలమ్మా దీనికి?" అన్నారు. ముప్పై ఏళ్లే నడిచింది. 1877 చట్టంతో జైళ్లన్నీ కేంద్ర ప్రభుత్వం చేతికి వెళ్లాయి, మరుసటేడే దీన్ని మూసేశారు. ఎనిమిదేళ్ల పిల్లల్ని కూడా ఇక్కడ ఉంచారని విన్నాక అత్తయ్య ఇక గదుల్లోకి రానంది, బయట బెంచీ మీద కూర్చుంది.

కోట గోడ ఎక్కడానికి లిఫ్ట్ ఉంది. 1068లో మొదలుపెట్టిన కోటకి ఉన్నది మా హోటల్‌కి లేదు మరి! గోడ మీంచి కెథడ్రల్ చూడగానే ఆవిడ మూడ్ కాస్త మారింది.

ఆవరణలోకి ఉచితమే. జైలు, గోడ, 1215 నాటి మాగ్నా కార్టా (రాజు అధికారానికి హద్దులు పెట్టిన పత్రం) చూడాలంటే టికెట్ కొనాలి. మాగ్నా కార్టా గది చీకటి, అక్షరాలు ఆనవు, అందరూ ముందు అక్కడికే పరిగెడతారు. మీరు ముందు జైలుకే వెళ్లండి. పెద్దవాళ్లుంటే కోట వైపు ఎక్కే నిటారు వీధి స్టీప్ హిల్ మీద నడక వద్దు, స్టేషన్ నుంచి టాక్సీ మాకు 7 పౌండ్లే అయింది.