కౌలు రైతులకు ఉమ్మడి పూచీ రుణం: తీసుకున్నవాడి అభిప్రాయం

గుంటూరు డెల్టాలో సెంటు భూమి కూడా లేకుండా కౌలుకు వరి, దాని వెనుక మినుము వేసుకునే మేము ఐదుగురం కలిసి కొన్నేళ్లుగా గ్రామీణ బ్యాంకు నుంచి జేఎల్‌జీ రుణం, అంటే ఉమ్మడి పూచీ మీద ఇచ్చే పంట రుణం తీసుకుంటున్నాము. పట్టాదారు పాసుపుస్తకం లేనివాడికి బ్యాంకులో ఏమీ పుట్టదన్న నమ్మకంతో ఇప్పటికీ నూటికి రెండు, మూడు రూపాయల వడ్డీకి అప్పు తెస్తున్న తోటి కౌలుదారుల కోసం ఈ సేవ మంచిచెడ్డలు రాస్తున్నాను. పథకం గట్టిదని, మాబోటి వారికి ఇంతకన్నా నమ్మదగిన అప్పు వేరే లేదని నా అభిప్రాయం. అయితే అది అందడం, అందకపోవడం మాత్రం శాఖను బట్టి, అక్కడ కూర్చున్న అధికారిని బట్టి మారిపోతోంది.

జాతీయ వ్యవసాయ, గ్రామీణాభివృద్ధి బ్యాంకు అయిన నాబార్డు 2004-05లో కొన్ని రాష్ట్రాల్లో గ్రామీణ బ్యాంకుల ద్వారా ప్రయోగాత్మకంగా మొదలుపెట్టిన ఈ పద్ధతికి 2006లో మార్గదర్శకాలు వచ్చాయి. నలుగురి నుంచి పదిమంది వరకు ఒక బృందంగా ఏర్పడవచ్చు. అందరూ ఒకే ప్రాంతం వారై, ఒకరినొకరు బాగా ఎరిగినవారై ఉండాలి, ఒకే కుటుంబం వారు కాకూడదు, ఎవరికీ బ్యాంకులో మొండి బకాయి ఉండకూడదు. నోటి మాట మీద కౌలు చేసేవారు, పాలుకు చేసేవారు కూడా అర్హులే. భూమి తాకట్టు ఉండదు, ఒకరికొకరు రాసిచ్చుకునే పూచీ పత్రమే హామీ. బృందమంతటికీ కలిపి ఒకే రుణం ఇవ్వవచ్చు, లేదా ఎవరి రుణం వారి పేరున ఇచ్చి పూచీని మాత్రం ఉమ్మడిగా ఉంచవచ్చు. మాది రెండో పద్ధతి, లెక్కల్లో తగాదా రాకుండా ఉండాలంటే అదే మేలు.

మా బృందాన్ని పరిశీలించడానికి వచ్చిన ఫీల్డ్ ఆఫీసరు పని చేసిన తీరు నాకు ఎంతో నచ్చింది. కాగితాలు చూడకముందే ఆయన మమ్మల్ని ఒక్కొక్కరిగా చేను గట్టు మీదికి పిలిచి, మిగతావారి చేలు ఎక్కడున్నాయి, ఎవరు బీపీటీ 5204 నాటారు, ఎవరు వేరే రకం వేశారు, కౌలు ఎన్ని బస్తాలకు మాట్లాడుకున్నారు అని అడిగారు. మొదట మాతో చేరిన ఒకతను వీటికి సరిగా జవాబు చెప్పలేకపోయాడు. అతని బదులు, చేను పక్కనే చేసుకునే మరొకరిని చేర్చుకున్న తరువాతే బృందాన్ని ఆమోదించారు. అప్పుడు అది చాదస్తమనిపించినా, పూచీ అనేది సంతకం మీద కాక పక్కవాడి పంట గురించి మనకున్న ఎరుక మీద నిలుస్తుందని తరువాత తెలిసింది.

2023 డిసెంబరులో మిగ్‌జాం తుపాను బాపట్ల దగ్గర తీరం దాటినప్పుడు మాలో ఒకరి వరి పనల మీదే ఉండి తడిసి మొలకెత్తింది, విత్తిన మినుము నీటిలో కుళ్లిపోయింది. "బాబాయ్, ఈసారి నా వాయిదా కట్టలేను, మీ అందరికీ మాట వస్తుందేమో" అని ఆయన మా ఇంటికి వచ్చి కూర్చున్నప్పుడు, మిగిలిన నలుగురం తలా కొంత వేసి గడువులోగా ఆయన బాకీ కట్టేశాము. నీరు తీసిన చేలో జొన్న వేసి, అది అమ్మగానే ఆయన మా డబ్బు తిరిగి ఇచ్చారు. బృంద రుణమంటే ఊళ్లో పరువు తీయడమేనని 2010 నాటి మైక్రో ఫైనాన్సు (ప్రైవేటు చిన్న రుణ సంస్థల) గొడవలు చూసినవారు భయపడతారు, ఆ భయం న్యాయమైనదే. అయితే అక్కడ వాయిదా వారం వారం కట్టవలసి ఉండేది, ఇక్కడ పంట చేతికొచ్చాకే కట్టాలి. సర్దుకోవడానికి మాకు వ్యవధి దొరికింది అందువల్లనే.

వడ్డీ విషయానికి వస్తే, 3 లక్షల వరకు పంట రుణానికి 7 శాతం, గడువులోగా కడితే అందులో 3 శాతం రాయితీ పోను 4 శాతం పడుతుంది. 50,000 రూపాయలకు ఏడాదికి 2,000 అన్నమాట. నూటికి రెండు రూపాయల లెక్కన బయట అదే మొత్తానికి 12,000 కట్టాలి.

ఇక లోపాలు. మేము మొదట వెళ్లిన ఒక బ్యాంకు శాఖలో భూమి యజమాని సంతకం ఉన్న సాగు హక్కు కార్డు తెస్తేనే మాట్లాడతామన్నారు. 2019 నాటి రాష్ట్ర చట్టం ప్రకారం ఆ కార్డు రావాలంటే 11 నెలల కౌలు ఒప్పందానికి యజమాని అంగీకారం కావాలి. సంతకం పెడితే భూమి పోతుందేమోనన్న అనుమానం ఒకవైపు, అదే సర్వే నంబరు మీద తాము ముందే రుణం తీసుకుని ఉండడం మరొకవైపు, యజమానులు ఒప్పుకోరు. ఆ చిక్కును తప్పించడానికే పుట్టిన పథకానికి మళ్లీ అదే షరతు పెట్టడం చాలా అన్యాయం. రెండోది రుణ మొత్తం సంగతి. 2006 మార్గదర్శకాల్లో మనిషికి గరిష్ఠంగా 50,000 అని పెట్టిన మాట చాలామంది అధికారుల మనసులో ఇంకా అలాగే ఉంది. తాకట్టు లేని వ్యవసాయ రుణ పరిమితిని రిజర్వు బ్యాంకు 2025 జనవరి 1 నుంచి 2 లక్షలకు పెంచినా, మాకు ఇచ్చేది కౌలు, దమ్ము, నాట్లు, ఎరువులు అన్నీ కలిపితే సగానికి కూడా చాలడం లేదు. మిగతాది ఎరువుల కొట్టులో అరువే. ఒక ఏడాది డబ్బు నాట్లయ్యాక చేతికి రావడంతో ఆ సగం అవసరానికీ ముందు బయటే అప్పు చేయవలసి వచ్చింది.

కొత్తగా బృందం కట్టాలనుకునేవారు బంధుత్వం చూసి కాక చేను చూసి మనుషులను ఎంచుకోండి. కాలువకు నీరు వదలకముందే, మే నెలలో దరఖాస్తు ఇచ్చి అందినట్లు రసీదు తీసుకోండి. యజమాని సంతకం అడిగితే నోటి మాటతో వెనక్కి రాకుండా, తిరస్కరణకు కారణం రాతపూర్వకంగా ఇమ్మని కోరండి. మా మొదటి దరఖాస్తుకు ఆ రాత అడిగిన తరువాతే కదలిక వచ్చింది.