యూకేకి గిఫ్టు పంపాలంటే గుంటూరు బ్రాడీపేటలో ఈ కొరియర్ ఆఫీసుకి వెళ్ళండి

ఐదు స్టార్లు ఇచ్చాను. ఎందుకో తెలియాలంటే ముందు 2025 మార్చిలో వేరే చోట ఏం జరిగిందో చెప్పాలి.

మా ఫ్రెండు, టెన్త్ నుంచి డిగ్రీ దాకా ఒకే బెంచీ మేమిద్దరం, ఇప్పుడు ఇంగ్లండ్‌లోని రెడింగ్‌లో ఉంటుంది. దాని పాప మొదటి పుట్టినరోజుకి వెళ్ళలేను కదా, అందుకని దానికో మంగళగిరి చీర 3,200, పాపకి పట్టు లంగా జాకెట్టు 1,400, ఇంకా కొండపల్లి ఎడ్లబండి, అంబారీ ఏనుగు 1,900 పెట్టి కొన్నాను, అంతా కలిపి 6,500. ఇంటి దగ్గర్లో ఉన్న ఒక కొరియర్ వాళ్ళకి ఇచ్చాను, పేరు రాయను. కిలో 780 అన్నారు, మనం తూకం వేస్తే రెండున్నర కిలోలు కూడా లేదు, రెండు వేల చిల్లర అవుతుందిలే అనుకున్నా. బిల్లు చూస్తే ఆరు కిలోలకి వేశారు, ప్యాకింగ్ 350, దాని మీద 18 శాతం జీఎస్టీ, మొత్తం 5,935. ఇదేంటండీ అంటే వాల్యూమ్ వెయిట్ మేడం అన్నాడు, అంతకుమించి చెప్పలేదు. పుట్టినరోజు దగ్గరకొచ్చేసింది, కట్టేసి వచ్చాను.

అసలు బాధ అది కాదు. రెండు నెలల తర్వాత మా ఫ్రెండు వాళ్ళమ్మగారు మా ఇంటికి వచ్చి మాటల్లో అన్నారు, నువ్వు పంపిన పార్సిల్‌కి అమ్మాయి అక్కడ 31 పౌండ్లు కట్టి తీసుకుందమ్మా అని. అంటే మన డబ్బుల్లో దగ్గర దగ్గర 3,500. నాకు తల కొట్టేసినట్టయింది. నేను గిఫ్టు పంపడమేంటి, అది డబ్బు కట్టి విడిపించుకోవడమేంటి. ఫోన్ చేసి అడిగితే "పోనీలేవే, నువ్వంత ప్రేమగా పంపితే ముప్పై పౌండ్ల గురించి నీతో మాట్లాడతానా" అంది. అది అలా అన్నాక ఇంకా ఎక్కువ ఏడుపొచ్చింది.

సరే ఇప్పుడు ఈ ఆఫీసు సంగతి. డిసెంబర్‌లో, సంక్రాంతికి మా ఫ్రెండు మొదటిసారి బొమ్మల కొలువు పెడతానంటే, కొండపల్లి దశావతారాల సెట్టు, పాపకి ఇంకో లంగా, దానికి ఒక కాటన్ చీర, అరకిలో కందిపొడి, ఆత్రేయపురం పూతరేకులు పట్టుకుని ఇక్కడికి వచ్చాను. ఆఫీసంటే చిన్న గదే, ఒక టేబులు, ఒక కాటా, గోడకి ఆనించిన అట్టపెట్టెలు, పెద్దాయనా వాళ్ళావిడా ఇద్దరే ఉంటారు.

ఆయన మొట్టమొదట అడిగింది ఏంటంటే "అవతల ఎవరెవరికమ్మా ఇవి" అని. నాకు అర్థం కాలేదు. అప్పుడు కూర్చోబెట్టి చెప్పారు. యూకేకి ఒక మనిషి ఇంకో మనిషికి పంపే గిఫ్టు 39 పౌండ్లు దాటకపోతే అక్కడ వ్యాట్ వెయ్యరు, దాటితే మాత్రం 20 శాతం, అదీ వస్తువు ఖరీదు మీదే కాదు మనం ఇక్కడ కట్టిన పార్సిల్ ఛార్జీ కూడా కలిపి వేస్తారు, పైన డెలివరీ వాళ్ళ హ్యాండ్లింగ్ ఫీజు. ఒకే డబ్బాలో ఇద్దరికి పంపుతుంటే ఎవరిది వాళ్ళకి విడిగా చుట్టి, పేరు రాసి, ఫారంలో విడిగా చూపిస్తే ఆ 39 ఒక్కొక్కరికీ వర్తిస్తుంది. చిన్నపిల్లల బట్టల మీద అక్కడ అసలు వ్యాటే పడదు, వేరే లైన్లో రాయాలంతే. మార్చిలో వాళ్ళు ఏం రాశారో చూద్దాం అని ఫోన్లో ఉన్న పాత బిల్లు చూపిస్తే, "బట్టలు, బొమ్మలు" అని ఒకే లైను, ఒకే పేరు, గిఫ్టు అన్న మాటే లేదు. అంటే సరిగ్గా రాసుంటే మా ఫ్రెండు ఒక్క పౌండు కూడా కట్టక్కర్లేదన్నమాట!

ఈసారి బొమ్మలూ లంగా పాప పేరు మీద 3,600, చీరా కందిపొడీ తల్లి పేరు మీద 3,100, ఖరీదు ఉన్నదున్నట్టే రాశారు. తక్కువ రాయండి అంటే ఒప్పుకోరు, దారిలో పోతే ఆ రాసినదానికే కదమ్మా నీకు డబ్బు ఇచ్చేది అన్నారు. పూతరేకులు మాత్రం తీసుకోలేదు, నెయ్యి ఉంది, పాల పదార్థాలు మాంసం ఇండియా నుంచి యూకేకి ఇలా పంపకూడదు అన్నారు. బాధేసింది కానీ అబద్ధం చెప్పి తీసుకోలేదు, అది నాకు నచ్చింది.

ఇక ప్యాకింగ్. కొండపల్లి బొమ్మ తెల్ల పొణికి చెక్కతో చేస్తారు కదా, చేత్తో పట్టుకుంటే బరువే ఉండదు, డబ్బా మాత్రం ఇంత అవుతుంది. పొడవు, వెడల్పు, ఎత్తు సెంటీమీటర్లలో గుణించి 5,000తో భాగిస్తే వచ్చేదే వాల్యూమ్ వెయిట్, అసలు బరువు కన్నా అది ఎక్కువుంటే దానికే డబ్బు. మార్చి డబ్బా 40, 30, 25, అందుకే ఆరు కిలోలు. ఇక్కడ వాళ్ళావిడ నేను తెచ్చిన థర్మాకోల్ మొత్తం తీసేసి, ఒక్కో అవతారానికి ముందు మెత్తటి కాగితం, దాని మీద బబుల్ షీటు చుట్టి, మత్స్యావతారం తోక దగ్గర విడిగా దూది పెట్టి, మెత్తగా ఉంటుందని చీర మూట అడుగున, లంగా మూట పైన సర్దారు. మూడు పెట్టెలు మార్చి చూసి చివరికి 30, 25, 20 దాంట్లో పట్టించారు. మూడు కిలోలు. కిలో 850 అంటే రేటు ఎక్కువే, కానీ ప్యాకింగ్ 150, జీఎస్టీ అన్నీ కలిపి 3,186 అయింది. అందుకే కిలో రేటు ఒక్కటే అడిగి మోసపోకండి, టేపుతో కొలిచాక ఎంతో అడగండి.

మైనస్‌లు కూడా చెప్పాలి. ట్రాకింగ్ నంబరు మర్నాడు సాయంత్రానికి గానీ రాలేదు, సాయంత్రం ఏడు దాటితే ఫోన్ ఎత్తరు, బండి పెట్టుకోడానికి చోటు లేదు. చేరడానికి తొమ్మిది రోజులు పట్టింది, మార్చిలో ఆరు రోజులకే వెళ్ళింది.

అమెరికాకి పంపేవాళ్ళు మాత్రం విడిగా అడిగి తెలుసుకోండి, 2025 ఆగస్టు 29 నుంచి అక్కడ 800 డాలర్ల లోపు పార్సిళ్ళకి ఉన్న కస్టమ్స్ సుంకం మినహాయింపు తీసేశారు, పాత లెక్కలు పనికిరావు. నా పక్కన కూర్చున్నావిడ డాలస్‌లో స్నేహితురాలికి పంపడానికి వచ్చారు, ఆవిడకీ ఇంత ఓపిగ్గానే చెప్పారు.

పార్సిల్ అందిన రోజు మా ఫ్రెండుని మొదట అడిగింది డబ్బులేమైనా కట్టావా అనే. ఏమీ అడగలేదే, గుమ్మం దగ్గర ఇచ్చేసి వెళ్ళిపోయాడు అంది. వీడియో కాల్లో పదీ నిలబెట్టి చూపించింది, ఒక్కటి కూడా విరగలేదు. పాప కూర్మావతారాన్ని వదలట్లేదట, కొలువులో తొమ్మిదే పెట్టింది.

వెళ్ళేటప్పుడు ఆధార్ జిరాక్సు, అవతలివాళ్ళ ఫోన్ నంబరు, పోస్ట్‌కోడ్, కొన్న బిల్లులు తీసుకెళ్ళండి. డబ్బా సీల్ చెయ్యకుండా తీసుకెళ్ళండి, వాళ్ళు ఎలాగూ విప్పి చూస్తారు.