ఆరుసార్లు తిన్నాకే అమ్ముతారు

మెల్‌బోర్న్‌లో పాముపిల్లను కొనాలనుకునే తెలుగువాళ్ళు ఎంతమంది ఉంటారో తెలీదు గానీ, ఆ నలుగురి కోసమైనా మాకు పాముపిల్లను అమ్మినాయన గురించి ఈ రివ్యూ రాద్దామనిపించింది.

మా వాడికి పదకొండేళ్ళు. కుక్క వద్దు, పిల్లి వద్దు, పామే కావాలని రెండేళ్ళుగా ఒకటే గొడవ. అమెరికాలో ఎక్కువగా పెంచే బాల్ పైథాన్ ఇక్కడ పెంచితే నేరం, బయటి దేశాల పాములేవీ ఇళ్ళల్లో పెట్టుకోనివ్వరు, ఇక మిగిలినవి ఈ దేశపు పాములే. ఇక్కడి కొండచిలువల్లో బాగా చిన్నవాటిలో ఒకటి చిల్డ్రన్స్ పైథాన్, పెద్దయ్యాక కూడా ఓ మీటరు ఉంటుందంతే. పేరు చూసి పిల్లల కోసమేమో అనుకున్నాం, తీరా చూస్తే బ్రిటిష్ మ్యూజియంలో పనిచేసిన జాన్ జార్జ్ చిల్డ్రన్ పేరట, 1842లో పెట్టారు.

మేము కొన్నది పెంపకందారు ఇంట్లోనే, ఊరి చివర, మా ఇంటి నుంచి గంటకు పైగా డ్రైవ్. బోర్డూ లేదు, షాపూ లేదు, గ్యారేజీలో కారు పెట్టాల్సిన చోట వరసగా ప్లాస్టిక్ టబ్బులు. రిటైరైన పెద్దాయన, మాట తక్కువ. వెళ్ళగానే ముందు నా వైల్డ్‌లైఫ్ లైసెన్స్ అడిగి నంబర్ రాసుకున్నారు. మెల్‌బోర్న్ ఉన్న విక్టోరియా రాష్ట్రంలో అది లేకుండా కొండచిలువను కొన్నా తప్పే, అమ్మినా తప్పే. లైసెన్స్ తర్వాత చూసుకుందాం లెండి అనే వాడు దొరికితే అక్కడి నుంచి వచ్చేయండి.

అసలు విషయం తిండి. ఈ పాముపిల్లలు అడవిలో పుట్టగానే వేటాడేది చిన్న చిన్న బల్లుల్ని. మనం పెట్టేదేమో ఫ్రీజర్‌లోంచి తీసి కరిగించిన ఎలుక పిల్ల, ఇక్కడ పింకీ అంటారు. చాలా పిల్లలకు అది తిండి అనే అర్థం కాదు, మూతి తిప్పుకుంటాయి. మా ఫ్రెండ్ ఒకతను ఆన్‌లైన్‌లో ప్రకటన చూసి చవగ్గా తెచ్చుకున్న పిల్ల సరిగ్గా ఇలాగే ఏమీ ముట్టకుండా రెండు నెలలకు పోయింది, అమ్మినవాడు ఆ తర్వాత ఫోన్ కూడా ఎత్తలేదు. ఈ పెద్దాయన ఏం చేస్తారంటే, మొదటి కుబుసం విడిచాక పింకీకి బల్లి వాసన పట్టించి పెడతారు, ఆ వాసన కొద్దికొద్దిగా తగ్గిస్తూ పోయి, ఏ వాసనా లేని పింకీని వరసగా ఆరుసార్లు తింటేనే అమ్మకానికి పెడతారు. ప్రతి టబ్బుకీ ఒక కార్డు ఉంది: గుడ్డులోంచి ఎప్పుడొచ్చింది, కుబుసం ఎప్పుడు విడిచింది, ఏ రోజు తిన్నది, ఏ రోజు వద్దంది. మేము మొదట ఏరుకున్న పిల్ల మచ్చలు భలే ఉన్నాయి గానీ కార్డులో నాలుగే టిక్కులు, ఎంత అడిగినా ఇవ్వలేదు. అప్పుడు కోపమొచ్చింది, ఇప్పుడు లేదు.

చలికాలంలో, అంటే ఇక్కడ జూన్ నుంచి ఆగస్టు దాకా, పెద్ద పాములకు వేడి తగ్గిస్తారట, అప్పుడే జతకడతాయి. ఆ తర్వాత పెట్టిన గుడ్లను 31 డిగ్రీల దగ్గర ఇంక్యుబేటర్లో ఉంచితే దాదాపు రెండు నెలలకు పిల్లలు బయటికొస్తాయి. ఆపైన ఆరుసార్లు తినేదాకా ఆగాలి కదా, అందుకే జనవరిలో వెళ్ళి చూస్తే అన్నీ చూడ్డానికే, కొనడానికి ఒక్కటీ లేదు. మాది ఏప్రిల్‌లో వచ్చింది. 180 డాలర్లు, క్యాష్ మాత్రమే. పెన్సిలంత లావు, గుడ్డ సంచిలో వేసి ముడేసి ఇచ్చారు.

గుంటూరు నుంచి వచ్చి ఉన్న మా అత్తగారు ఆ గోధుమరంగు మచ్చలు చూసి "అయ్యో, రక్తపింజర పిల్లరా ఇది!" అని రెండు రోజులు ఆ గది వైపే రాలేదు. ఇప్పుడు ఆవిడే, శుక్రవారం మాత్రం దానికి ఎలుకను పెట్టొద్దని రూలు పెట్టింది.

ఒక స్టార్ ఎందుకు కోస్తున్నానంటే, తిండి గురించి అంత చెప్పిన మనిషి మూత గురించి ఒక్క మాటా చెప్పలేదు. రెండో వారంలో టబ్ మూతకు క్లిప్ లేని మూల నుంచి జారుకుంది. రాత్రంతా ఇల్లంతా టార్చి వేసి వెతికితే తెల్లారి వైఫై రౌటర్ వెనక, వెచ్చగా చుట్టుకుని పడుకుని ఉంది. ఫోన్ చేస్తే "అవి అంతే, క్లిప్పులు కొనుక్కోండి" అన్నారు! ఇంకోటి, టబ్‌కి వెచ్చదనమిచ్చే హీట్ మ్యాట్‌కి, ఆ వేడిని అదుపులో ఉంచే థర్మోస్టాట్ తప్పనిసరి అని కూడా మేమే చదువుకుని తెలుసుకున్నాం, లేకపోతే పాముకి పొట్ట కాలుతుంది.

ఎనిమిది నెలలైంది. ఒక్కసారి, అదీ కుబుసం విడిచే ముందు, తిండి మానేసింది. ఇరవై ఏళ్ళకు పైగా బతుకుతుందట, మా వాడు పెళ్ళి చేసుకుని వెళ్ళిపోయినా ఇది మా దగ్గరే ఉండేలా ఉంది.

పెద్దాయనకు ఫోన్ చేస్తే చాలాసార్లు ఎత్తరు, మెసేజ్ పెట్టి అందులోనే మీ లైసెన్స్ నంబర్ కూడా రాసేయండి. ఆడపిల్ల కావాలంటే ముందే చెప్పండి, వాటికి వెయిటింగ్ లిస్ట్ ఉంది.