గోద్రెజ్ ప్రైమాకి స్ప్రే కొట్టించేముందు ఒక్క మాట

మా టైప్ ఇన్‌స్టిట్యూట్‌లోని పాత ప్రైమా టైప్‌రైటర్లకు, సర్వీసుకు వచ్చిన కుర్రాడు తుప్పు వదిలించే స్ప్రే కొట్టి వెళ్లాడు. అప్పట్లో కనబడినవాళ్లందరికీ దాని గొప్పే చెప్పాను. బిగుసుకుపోయిన కీలు ఇట్టే కదిలాయి, లోయర్ పరీక్షకు నేర్చుకునే పిల్లలు కూడా స్పీడందుకున్నారు. ఆ మెచ్చుకోలు ఇప్పుడు కాస్త తగ్గించుకోవాలి.

చలికాలం రాగానే అసలు గొడవ మొదలైంది. పొద్దున్నే మొదటి బ్యాచ్‌లో 'ఏ' కొడితే ఆ అక్షరం అచ్చు ఉన్న కడ్డీ లేచి రోలర్ దగ్గరే నిలబడిపోయేది. వెనకే 'ఎస్' కొడితే రెండూ పెనవేసుకునేవి. 'క్యూ', 'జెడ్' కూడా అంతే, అంచున పడుకునే కడ్డీలకే ఈ రోగం. ఎండెక్కాక చూస్తే అన్నీ బుద్ధిగా దిగేవి! స్ప్రింగులు పోయాయేమోనని ఒకటే టెన్షన్. గోద్రెజ్ 2009లోనే టైప్‌రైటర్లు చేయడం మానేసింది, ఇప్పుడు స్పేర్ కావాలంటే ఇంకో పాత మెషిన్ విప్పాల్సిందే.

తీరా చూస్తే స్ప్రింగులు బాగానే ఉన్నాయి. కడ్డీలు కదిలే సెగ్మెంట్ (వాటి మొదళ్లు కూర్చునే వంపు ఇనుప దిమ్మ) గాడుల్లో చెక్కిన అగ్గిపుల్ల పెట్టి గీరితే కాటుకలాంటి జిడ్డు వచ్చింది. రిబ్బన్ పీచు, ఎరేజర్ పొట్టు, దుమ్ము. స్ప్రేలో పలచటిదంతా ఆవిరైపోయి, మిగిలిన నూనె పొర వీటన్నిటినీ పట్టుకుంటుంది. చలికి అదే బిగుస్తుంది. ఆ గాడులు పొడిగా ఉండాలి, అక్కడ చుక్క నూనె కూడా దండగ.

పాతకాలం మెకానిక్ ఒకాయన మెషిన్‌ని వరండాలో పెట్టించి, రోలర్ మీద గుడ్డ కప్పి, జిడ్డు వదిలించే వైట్ పెట్రోల్‌లో ముంచిన పళ్ల బ్రష్‌తో ఒక్కో గాడీ రుద్దారు. రుద్దడం, కడ్డీలన్నీ లేపి దించడం, మళ్లీ రుద్దడం. కింద పరిచిన పేపర్ మీద నల్లనీళ్లు రావడం ఆగేదాకా వదల్లేదు. అప్పట్నుంచి కుట్టుమిషన్ నూనె క్యారేజ్ (రోలర్‌ని మోస్తూ పక్కకి జరిగే భాగం) పట్టాలకే, అదీ గుడ్డకు అద్ది తుడవడమే. ఎరేజర్ పొట్టు గాడుల్లో పడకుండా చెరిపేటప్పుడు క్యారేజ్ పక్కకి జరపమని పిల్లలకు చెబుతూనే ఉంటా, వినేది సగం మందే.

అలాగని స్ప్రే పనికిరాదనను, తుప్పుపట్టిన స్క్రూ ఊడాలంటే ఇప్పటికీ అదే దిక్కు. వైట్ పెట్రోల్‌తోనూ ఇబ్బందులున్నాయి. వాసన, నిప్పు భయం, పైగా జిడ్డంతా పోయిన ఇనుము మా కాకినాడ ఉప్పుగాలికి తొందరగా తుప్పెక్కుతుంది. ఇదంతా రోజంతా పిల్లలు బాదే మెషిన్ల సంగతి. షోకేసులో పెట్టుకుని ఎప్పుడో ఒక ఉత్తరం కొట్టుకునేవాళ్లకు స్ప్రేతో ఏ ఇబ్బందీ రాకపోవచ్చు.