జాగ్రత్త: మాడిన ఆకులు చూపించి బతికున్న చెట్టును కొట్టి పట్టుకుపోయారు

మన అందరి ఫోన్లలోనూ ఉన్న ఆ ఇంటి పనుల యాప్ ద్వారా, తుపాను చెత్త ఎత్తించడానికి మనుషులను పిలవాలనుకుంటున్న విశాఖవాసులు దయచేసి ఒక్క నిమిషం ఆగి ఇది చదవండి. నిన్న సాయంత్రం మా పెరటి గేటు దాటి వెళ్ళిన వ్యాను చప్పుడు ఇంకా నా చెవుల్లోనే ఉంది.

పెదవాల్తేరులో మాది పాత ఇల్లు. మొన్నటి గాలికి కొబ్బరి చెట్టు ప్రహరీ మీదికి ఒరిగింది, మునగ చెట్టు విరిగింది, స్తంభం నుంచి ఇంటికి వచ్చే కరెంటు తీగ తెగి కొమ్మల్లో చిక్కుకుంది. తీగ సంగతి 1912కు ఫోను చేసి చెప్పి, లైన్‌మన్ వచ్చి తీసేవరకు ఇంట్లో ఎవరినీ పెరట్లో కాలు పెట్టనివ్వలేదు. నా తెలివి అంతవరకే పనిచేసింది. కొబ్బరి చెట్టు దించి, విరిగిన కొమ్మలూ చెత్తా ఎత్తుకుపోవడానికి యాప్‌లో తొమ్మిది వేలకు పని ఒప్పుకున్నారు.

వచ్చిన మేస్త్రి ఒరిగిన కొబ్బరి చెట్టు వంక కన్నెత్తి కూడా చూడకుండా, నిటారుగా నిలబడి ఉన్న పనస చెట్టు దగ్గరికి నేరుగా వెళ్ళాడు. సముద్రపు ఉప్పుగాలికి దాని ఆకులన్నీ మాడి గోధుమరంగుకు తిరిగి ఉన్నాయి. "ఇది చచ్చిపోయింది సార్, ఈసారి గాలి వస్తే మీ ఇంటి కప్పు మీదే పడుతుంది" అన్నాడు. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుపాను వచ్చినప్పుడు ఇదే ఊళ్ళో ఉన్నవాడిని నేను. కైలాసగిరి కొండ నిప్పంటుకున్నట్టు మాడిపోయి కనిపించడమూ, ఇక అయిపోయాయనుకున్న చెట్లు కొన్ని వారాలకే చిగుళ్ళు వేయడమూ, వాటిలో ఈ పనస చెట్టు కూడా ఉండడమూ కళ్ళారా చూసి కూడా, నిన్న వచ్చిన మనిషి ఒక్క మాట అనగానే తలాడించాను. పని మొదలుపెట్టాలంటే ఓటీపీ కావాలన్నాడు, అదీ చెప్పాను. అది పని పూర్తయిందని ధ్రువీకరించే ఓటీపీ అని ఆ సందేశంలోనే స్పష్టంగా రాసి ఉంది. కళ్ళజోడు వెతుక్కునే ఓపిక నాకు లేకపోయింది.

రంపం పెట్టిన కాసేపటికే కోసిన చోట నుంచి తెల్లని పాలు కారడం మొదలైంది. చచ్చిన చెట్టుకు ఇన్ని పాలెక్కడివని అడిగితే, "లోపల చచ్చింది సార్" అన్నాడు. అంతటి వృక్షవైద్యుణ్ణి నేను మరెక్కడా చూడలేదు. పసుపుపచ్చని చేవ ఉన్న మొద్దులను లెక్కగా కోసి, ఒక్క తునక కూడా వదలకుండా వ్యానులోకి ఎక్కించారు. బొబ్బిలి వీణలు పనస కలపతోనే చేస్తారు కాబట్టి, మా చెట్టు కనీసం ఏ వీణగానైనా మోగితే బాగుండునని ఇప్పుడు సరిపెట్టుకోవలసిందే.

కొబ్బరి చెట్టు సంగతి, నేల మీద పరుచుకున్న కొమ్మల సంగతి అడిగాను. ఆ మేస్త్రి వ్యాను తలుపు వేస్తూ, నా ముఖం కూడా చూడకుండా, "కలప మాది, చెత్త మీది సార్" అన్నాడు. ఫిర్యాదు చేస్తానన్నాను. అప్పుడు నవ్వాడు. "చేసుకోండి. అనుమతి లేకుండా నిలబడి ఉన్న చెట్టు కొట్టించింది మీరు. వాల్టా చట్టం ఉంది కదా, జరిమానా మీకే పడుతుంది" అన్నాడు. ఉదయం అదే నోటితో "మీ ఇంటి కోసమే చెబుతున్నాను సార్" అన్న మనిషి, నీరు, భూమి, చెట్ల రక్షణ కోసం 2002లో వచ్చిన ఆ చట్టం సంగతి ముందే తెలిసి ఉండి, రంపం పెట్టేముందు కాకుండా వ్యాను నిండాక బయటపెట్టడమే నాకు ఇప్పటికీ మింగుడుపడడం లేదు. తొమ్మిది వేలు పోయినందుకు ఇంత బాధ లేదు. యాప్ వారికి ఫోను చేస్తే, ఓటీపీ ఇచ్చారు కాబట్టి పని సంతృప్తికరంగా ముగిసినట్టే నమోదైందని, దయచేసి రేటింగ్ ఇవ్వమని కోరారు.

వ్యాను వెళ్ళాక మా అమ్మ మెల్లగా పెరట్లోకి వచ్చి, కింద పడి ఉన్న ఒక రెమ్మను తీసి గోటితో గీరింది. బెరడు కింద లేత ఆకుపచ్చ. ఆ రెమ్మను నా చేతిలో పెట్టి, ఏమీ అనకుండా లోపలికి వెళ్ళిపోయింది. నాలుగు తిట్లు తిట్టి ఉంటే రాత్రి నిద్ర పట్టి ఉండేది.

కాబట్టి మీ చెట్లకు ఆకులు మాడి ఉంటే ముందు ఆ గోటి పరీక్ష మీరే చేయండి, వేళ్ళు లేవకుండా నిటారుగా ఉంటే కొన్ని వారాలు ఆగండి. కలప ఎవరిదో, చెత్త ఎవరు ఎత్తాలో ముందే రాయించుకోండి. చెత్త చివరి బుట్ట గేటు దాటేవరకు ఓటీపీ చెప్పకండి. మా కొబ్బరి చెట్టు ఇంకా ప్రహరీ మీదే ఉంది, పనస కొమ్మలు కాలువకు అడ్డం పడి నీళ్ళు నిలుస్తున్నాయి. పెదవాల్తేరు చుట్టుపక్కల చెట్టు దించడం తెలిసిన మనిషి ఎవరైనా ఉంటే చెప్పండి, ఆ యాప్‌లో మాత్రం వెతకవద్దు.