బుడాపెస్ట్‌లో ఒక సెమిస్టర్ లెక్కలు, అద్దె ఇంటితో నాలుగు నెలల గొడవ

ముందు ఈ ముక్క చెప్పేస్తా. చెన్నైలో కూర్చుని ఫోటోలు చూసి బుడాపెస్ట్‌లో ఫ్లాటుకి డబ్బులు కట్టకండి. ఇది మాకు 2018 జులైలో ఎవరైనా చెప్పుంటే 1,80,000 ఫోరింట్లు (హంగరీ డబ్బు) మిగిలేవి, అప్పటి రేటుకి దాదాపు 46 వేల రూపాయలు. అది మా నాన్న డబ్బు, మా ఫ్రెండు వాళ్ళ నాన్న డబ్బు, అందుకే ఇంకా కడుపు మండుతూనే ఉంది.

మాది పెరంబూరు, నా ఫ్రెండుది నెల్లూరు, ఇద్దరం చెన్నైలోనే బీఎస్సీ మ్యాథ్స్. ఒక సెమిస్టరు బుడాపెస్ట్‌లో చదువుతానంటే ఇంట్లో మొదట ఒప్పుకోలేదు, లెక్కలకి అమెరికా వెళ్తారు గానీ హంగరీ ఏంటే అని అమ్మ. అప్పుడు నాన్నకి అల్లాడి కృష్ణస్వామి గారి సంగతి చెప్పాను. రాజ్యాంగం రాసిన కమిటీలో ఉన్న అల్లాడి వారి మనవడు, ఈయన పేరూ అదే, మద్రాసులో డిగ్రీ చదువుతూ హంగరీ లెక్కల మేధావి పాల్ ఎర్దోష్‌కి ఉత్తరం రాస్తే అంత పెద్దాయన 1975 జనవరిలో కలకత్తా నుంచి ఆస్ట్రేలియా వెళ్తూ, దారి మార్చుకుని మద్రాసులో దిగి మరీ ఈ కుర్రాణ్ణి కలిశాడు. అల్లాడి వాళ్ళు మా నెల్లూరు జిల్లా వాళ్ళేనండీ అని పక్కనుంచి నా ఫ్రెండు. ఆ ఎర్దోష్, అక్కడి లెక్కల వాళ్ళే అయిన లోవాస్, వేరా షోష్ కలిసి మొదలుపెట్టించిన ప్రోగ్రామే బుడాపెస్ట్ సెమిస్టర్స్ ఇన్ మ్యాథమెటిక్స్, 1985 నుంచి నడుస్తోంది, పాఠాలు ఇంగ్లీషులోనే, చెప్పేది హంగరీ ప్రొఫెసర్లు. నాన్న రెండు రోజులు ఆలోచించి సరే అన్నారు.

అసలు చిక్కు వీసా దగ్గర మొదలైంది. 90 రోజులు దాటి ఉండాలంటే మామూలు షెంగెన్ వీసా చాలదు, రెసిడెన్స్ పర్మిట్ కావాలి, దానికి అడ్మిషన్ లెటరు, ఇన్సూరెన్సు, బ్యాంకు కాగితాలతో పాటు అక్కడ ఎక్కడ ఉంటారో రుజువు కూడా చూపించాలి. ఆ రుజువు కోసం కంగారుపడి ఆన్‌లైన్‌లో దొరికిన ఒక బ్రోకరుని నమ్మాం. నెలకి 2,20,000 ఫోరింట్లు, ఇద్దరికి సగం సగం, రెండు నెలల అడ్వాన్సు ముందే పంపాలి, దాన్ని వాళ్ళు కౌసియో అంటారు. ఫోటోల్లో ఎండ పడుతున్న హాలు, తెల్ల కర్టెన్లు, కిటికీ కింద హీటరు. పంపేశాం.

చెన్నై నుంచి దుబాయ్ మీదుగా ఎమిరేట్స్‌లో వెళ్ళాం, టికెట్టు ఒక్కొక్కరికి 47,300, ప్రయాణం గురించి చెప్పడానికేం లేదు. ఎయిర్‌పోర్టులో ట్యాక్సీ వాళ్ళ దగ్గరికి పోకుండా 100ఈ బస్సెక్కండి, ఊరి మధ్యలో దింపుతుంది, అప్పట్లో 900 ఫోరింట్లు. తర్వాత స్టూడెంట్ నెల పాసు తీసుకోండి, అప్పట్లో 3,450, దాంతో మెట్రో, ట్రామ్, బస్సు అన్నీ ఎక్కొచ్చు, ఇంత మంచి బేరం నేనెక్కడా చూడలేదు.

ఇల్లు కెలెటి రైల్వే స్టేషన్ దగ్గర, క్లాసులు జరిగే బెత్లెన్ గాబోర్ స్క్వేర్‌కి నడిచి వెళ్ళొచ్చు, అంతవరకు నిజమే చెప్పాడు. పాతకాలం బిల్డింగు, మధ్యలో వాకిలి, చుట్టూ వసారాలు, నాలుగో అంతస్తు, లిఫ్టు లేదు. ఎండ పడే హాలు లేదు, కిటికీ తెరిస్తే ఎదుటింటి గోడే. సర్దుకుందాంలే అనుకున్నాం. అక్టోబరులో చలి మొదలయ్యాక తెలిసింది అసలు సంగతి. హీటరు గ్యాసుది, కొన్వెక్టర్ అంటారు, మీట నొక్కి పట్టుకుంటే లోపల చిన్న నీలం మంట వెలుగుతుంది, వేలు తీస్తే టప్పున ఆరిపోతుంది. పావుగంట మోకాళ్ళ మీద కూర్చుని పట్టుకునేవాళ్ళం, వదిలితే మళ్ళీ అంతే. బ్రోకరుకి మెసేజీ పెడితే రేపు అన్నాడు, ఓనరావిడ స్వెట్టరు వేసుకోమంది. మెకానిక్కు వచ్చేసరికి 19 రోజులు. ఈలోపు మా డబ్బుతో 8,990 పెట్టి కరెంటు హీటరు కొన్నాం, తర్వాత కరెంటు బిల్లు ఎక్కువొచ్చిందని మా దగ్గరే వసూలు చేశారు.

నా ఫ్రెండు నెల్లూరు ఎండల్లో పెరిగిన పిల్ల. ఆ 19 రోజులూ జాకెట్టు, మంకీ క్యాపుతోనే పడుకుంది, రాత్రిళ్ళు వాళ్ళమ్మకి ఫోన్ చేసి బాత్రూంలో ఏడ్చేది, నాతో మాటలు తగ్గించేసింది, ఆ ఇల్లు ఎంచింది నేను కాబట్టి. ఒక రోజు టికెట్టు మార్చుకుని వెళ్ళిపోతానే అంది. నాకు ఏం చెప్పాలో తెలీలేదు.

తనని ఆపింది క్లాసే. కంజెక్చర్ అండ్ ప్రూఫ్, అంటే ఊహించడం, రుజువు చెయ్యడం, అని ఒక కోర్సుంది, అక్కడికి వెళ్తే మాత్రం అది వదులుకోకండి. మొదటి రోజు ప్రొఫెసర్ గారు ఇచ్చిన లెక్క: 1 నుంచి 2n దాకా ఉన్న అంకెల్లోంచి ఏవైనా n+1 తీసుకుంటే, వాటిలో 1 తప్ప ఉమ్మడి కారణాంకం లేని జత ఒకటి ఉండి తీరాలి, ఎందుకు? ఎర్దోష్ ఇదే లెక్కని లాయోష్ పోషా అనే చిన్న పిల్లాణ్ణి భోజనం దగ్గర అడిగితే, వాడు సూపు తాగుతూనే జవాబు చెప్పేశాడట. n+1 తీస్తే పక్క పక్క అంకెలు రెండు పడక తప్పదు, పక్క పక్క అంకెలకి 1 తప్ప ఉమ్మడి కారణాంకం ఉండదు, అంతే. అది మాకూ తట్టింది. వెంటనే ఇంకోటి ఇచ్చారు: ఆ n+1 లోనే ఒకటి ఇంకోదాన్ని భాగించే జత కూడా ఉండాలి, చూపించండి. జవాబు చెప్పమంటే నవ్వి, రేపు మీరే చెప్తారు అన్నారు. మన దగ్గర ప్రూఫ్ బోర్డు మీద రాస్తారు, మనం ఎక్కించుకుంటాం, పరీక్షలో దించుతాం. అక్కడ క్లాసు సగం మనం తప్పులు చెప్పడం, ఆ తప్పు ఎక్కడుందో అందరూ కలిసి వెతకడం. ఎవరూ నవ్వరు.

నాకు ఆ రెండోది రెండు రోజులు పట్టింది. తర్వాత వచ్చిన లెక్కల షీట్లలో అది మళ్ళీ పెద్ద రూపంలో ఎదురైంది, దాన్ని సాధించింది మాత్రం నా ఫ్రెండే. అక్టోబరు చివర్లో, దుప్పటి కప్పుకుని హీటరు ముందు కూర్చుని ఉండగా, ఒసేయ్ ఇది మొదటి వారం లెక్కేనే అని లేచింది. ప్రతి అంకెనీ ఒక బేసి సంఖ్య ఇంటూ కొన్ని రెళ్ళు అని విడగొడితే బేసి సంఖ్యలు n మాత్రమే, మన దగ్గరున్నవి n+1, కాబట్టి రెండింటికి ఒకే బేసి పడుతుంది, చిన్నది పెద్దదాన్ని భాగిస్తుంది. అదే పద్ధతి ఇక్కడా పెట్టొచ్చంది. మర్నాడు బోర్డు దగ్గర నిలబడి క్లాసులోని అమెరికా పిల్లలందరికీ తనే వివరించింది. టికెట్టు మార్చే మాట మళ్ళీ ఎత్తలేదు.

తిండి సంగతి. వెజిటేరియన్లకి కష్టం అని అందరూ భయపెట్టారు, సగమే నిజం. మధ్యాహ్నం పూట జనం తినే చిన్న హోటళ్ళు ఉంటాయి, ఎత్‌కెజ్దె అని బోర్డుంటుంది, అక్కడ ఫ్యోజెలేక్ అడగండి, కూరగాయలో పప్పులో చిక్కగా ఉడికించిన కూర. అందులో పసుపు బఠాణీ పప్పుతో చేసేది ఒకటుంది, మెత్తగా ఉడికించి పైన ఎర్రగా వేయించిన ఉల్లిపాయలు వేసిస్తారు, అప్పట్లో 690 ఫోరింట్లు. మొదటి ముద్దకే మా ఇంటి ముద్దపప్పు గుర్తొచ్చింది. డబ్బా కట్టించుకుని ఇంటికి తెచ్చి, వేడన్నంలో కలిపి, నెల్లూరు నుంచి వచ్చిన గోంగూర పచ్చడితో తిన్నాం, నా ఫ్రెండు ఆ రోజు మూడు సార్లు వడ్డించుకుంది. కొన్నిట్లో మాంసం పడుతుంది, అడిగి తినండి. వాళ్ళ పాప్రికా పొడి ఎర్రగా ఉంది కదా అని మన కారంలా వెయ్యకండి, తియ్యటి రకమే ఎక్కువ. కారం కావాలంటే ఎరోష్ పిష్టా అనే సీసా కొనుక్కోండి.

నవంబరులో ఒక ఆదివారం బ్లాహా లుయిజా స్క్వేర్ నుంచి 28 నంబరు ట్రామెక్కి కోజ్మా వీధి యూదుల శ్మశానంలో ఎర్దోష్ సమాధి చూసొచ్చాం. అక్కడ సమాధుల మీద పువ్వులకి బదులు గులకరాళ్ళు పెడతారు, మేమూ తలొకటి పెట్టాం. వియన్నా కూడా వెళ్ళాం, బాగుంది.

డిసెంబరులో ఖాళీ చేసేటప్పుడు మంచం జరిపి, చెక్క నేల మీద గీతలున్నాయని అడ్వాన్సులోంచి 1,80,000 పట్టుకున్నారు. ఆ గీతలు మేం దిగేనాటికే ఉన్నాయి, ఫోటో తీసుకోలేదు, అదే మేం చేసిన తప్పు. చెన్నైలో ఓనర్లు ఖాళీ చేసేటప్పుడు పెయింటింగ్ కింద నెల అద్దె పట్టుకుంటారు, నిజమే, కానీ అది దిగే రోజే మొహం మీద చెప్తారు. వీళ్ళు నాలుగు నెలలు నవ్వుతూ పలకరించి చివరి రోజు చూపించారు. తొమ్మిది మెయిళ్ళు పెట్టాం, జవాబు లేదు. మీరు వెళ్తే ముందు రెండు మూడు వారాలకి హాస్టలు బుక్ చేసుకోండి, ప్రోగ్రాం ఆఫీసు వాళ్ళని అడిగి, పాత విద్యార్థులు ఉన్న ఇళ్ళు కళ్ళతో చూశాకే అడ్వాన్సు ఇవ్వండి, దిగిన రోజే మంచం కింద కూడా ఫోటోలు తీయండి, హీటరు సెప్టెంబరులోనే వెలిగించి చూడండి.

ఇంకోటి, మీ కాలేజీ దగ్గర ఏ కోర్సుకి క్రెడిట్ ఇస్తారో వెళ్ళక ముందే కాగితం మీద రాయించుకోండి. మా వాళ్ళు నోటి మాటగా అన్నీ ఇస్తామన్నారు, వచ్చాక నాలుగు కోర్సుల్లో రెండే ఒప్పుకున్నారు. మిగతా రెండు పేపర్లూ ఇద్దరం మళ్ళీ చదవాల్సొచ్చింది, లైబ్రరీలో, పక్కపక్కనే కూర్చుని.